మా టిఫిన్ బండి దగ్గరికి రోజూ వచ్చిన పిల్లలకి

నేను చెబుతుంటే మా పెద్దోడు టైపు చేస్తున్నాడు. తప్పులుంటే వాడివే.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దాటాక ఒక సందు మొదట్లో నాది టిఫిన్ బండి. పదకొండేళ్ళయింది పెట్టి. రెండేళ్ళ కిందట కుడిచేతి వేళ్ళ చివర్లు తెల్లబడ్డాయి. తర్వాత ఎడమ చెయ్యి, ఆ తర్వాత పెదవి కింద. బొల్లి. ఇడ్లీ పెట్టే చెయ్యి కదా, అందరి కళ్ళూ అక్కడే. మొహం మీద ఎవరూ ఒక్క మాట అనలేదు. రోజూ ఎనిమిది ఇడ్లీలు పార్సిల్ కట్టించుకునే ఆయన ఎదురు బండికి మారిపోయాడు, అంతే. గ్లౌజులు వేసుకోమన్నారు. వేసుకుంటే ఇంకా అనుమానం. పదిన్నరకి ఖాళీ అయ్యే పిండి గిన్నె మధ్యాహ్నానికి కూడా సగం ఉండేది.

అరసవల్లి ఆదిత్యుడికి మొక్కుకున్నాను. చర్మం జబ్బులకి ఆ స్వామే దిక్కని మా అమ్మ కాలం నుంచీ మాట. ఎవరో మూలికలాయన ఇచ్చిన బావంచాల నూనె కూడా రాసుకుని ఎండలో కూర్చున్నాను. బొబ్బలెక్కాయి. అవి మానిన చోట ఇంకా తెల్లబడింది.

అప్పుడొచ్చారు ఈ పిల్లలు, ఐదుగురు, డిగ్రీ చదువుతున్నారు. అందులో ఒక అమ్మాయికి కళ్ళ చుట్టూ, మోచేతుల మీద నాలాంటి మచ్చలే. పౌడరు లేదు, చున్నీ చాటు లేదు. నా చేతి వంక చూసి, "పిన్నీ, మీకు ఎన్నాళ్ళయింది?" అని అడిగింది. జలుబు గురించి అడిగినట్టు అడిగింది. నేను జవాబు చెప్పకుండా చట్నీ వేశాను.

మర్నాడు ఒక అట్ట తెచ్చి బండికి కట్టారు. "బొల్లి అంటదు. చట్నీ అంటుతుంది, చెయ్యి కడుక్కోండి" అని రాసి ఉంది. నాకు కోపమొచ్చింది. నా జబ్బుకి బోర్డు పెడతారా అని తిట్టి తీసెయ్యమన్నాను. మారు మాట్లాడకుండా విప్పేశారు. ఆ పూట వాళ్ళ మీద అరిచినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

బోర్డు పోయింది గానీ వాళ్ళు పోలేదు. రోజూ ఏడున్నరకి వచ్చి, జనం బాగా తిరిగే వైపు నిలబడి, నా చేతి పెసరట్టు తిన్నారు. ఎవరైనా ఆగి చూస్తే మాట కలిపేవారు. ఒంట్లో రంగునిచ్చే కణాల్ని మన రక్షణ వ్యవస్థే పొరపాటున చంపేస్తుందట. ముట్టుకుంటే, కలిసి తింటే వచ్చేది కాదు. ప్రపంచంలో నూటికి ఒకరికి అటూఇటుగా ఉంటుందట. ఒక రిటైరైన మాస్టారు, "చేపలు, పాలు కలిపి తింటే వచ్చేదేగా" అన్నారు. ఆ అమ్మాయి, "మాస్టారూ, చేపల కూర తిన్నాక పెరుగన్నం తినని ఇల్లు శ్రీకాకుళంలో ఒక్కటి చూపించండి" అంది. ఆయన నవ్వి రెండు ఇడ్లీలు చెప్పారు.

మా వైపు కుష్ఠు ఒకప్పుడు ఎక్కువ. తెల్లమచ్చ కనిపిస్తే జనానికి అదే భయం. నాకూ లోపల అదే భయం, ఎవరికీ చెప్పలేదు. వాళ్ళే నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ దూదితో, సూదిమొనతో మచ్చల మీద తాకించి చూశారు. స్పర్శ అంతా ఉంది. కుష్ఠు మచ్చ మీద స్పర్శ తగ్గుతుందట, ఇది అది కాదన్నారు. బయటికొచ్చాక నేను ఏడుస్తుంటే ఆ గుంట, "అది అయినా మందులతో నయమవుతుంది పిన్నీ, వాళ్ళని మాత్రం దూరం పెడతామా?" అంది. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది.

థైరాయిడ్ టెస్టు చేయించారు, పూత మందు రాశారు. వెంట్రుకలున్న చోట రంగు తొందరగా తిరిగొస్తుందట, వేళ్ళ చివర్లలో, పెదవుల మీద కష్టమట. ఉన్నమాట చెప్పినందుకు డాక్టరమ్మకీ దండాలు. గీరుకున్నా కాలినా అక్కడ కొత్త మచ్చ రావచ్చన్నారు. పెనం ముందు బతికేదాన్ని, ఏం చెయ్యను! పిల్లలే పొడవు పిడి ఉన్న అట్లకాడ కొనిచ్చారు.

జూన్ 25న ప్రపంచ బొల్లి దినమని చెప్పారు. ఆ అట్ట ఏదర్రా అని ఈసారి నేనే అడిగాను. దాచి ఉంచారట. ఇప్పుడు బండికే ఉంది, వానకి తడవకుండా మా పెద్దోడు ప్లాస్టిక్ కవరు వేశాడు.

మచ్చలు అలాగే ఉన్నాయి, చూపుడువేలి మీద ఇంకొకటి వచ్చింది కూడా. ఎనిమిది ఇడ్లీలాయన ఇంకా ఎదురు బండి దగ్గరే తింటున్నాడు. ఆయన ఇష్టం. పిండి మాత్రం పదకొండు లోపే అయిపోతోంది.

పిల్లలూ, ఇన్నాళ్ళలో ఒక్క ప్లేటు కూడా ఊరికే తినలేదు మీరు. వద్దన్నా డబ్బాలో డబ్బులు వేసి పారిపోయారు. పరీక్షలయ్యాక వచ్చే ఆదివారం ఐదుగురూ రండి. ఉప్మా పెసరట్టు, అల్లం చట్నీ. ఆ పూటకి డబ్బా ఇంట్లో పెట్టి వస్తాను.