కాట్టుపల్లి సభ తడలోనూ పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

చెన్నైకి ఉత్తరాన ఉన్న కాట్టుపల్లి ఓడరేవు విస్తరణ మాట ఎత్తగానే అందరూ ఉద్యోగాల లెక్క చెబుతారు. నేను ఇసుక లెక్క అడుగుతున్నాను. ప్రతిపాదన ప్రకారం 330 ఎకరాల రేవు 6,110 ఎకరాలవుతుంది. అందులో 796 హెక్టార్లు, అంటే దాదాపు రెండు వేల ఎకరాలు, సముద్రాన్ని పూడ్చి తేవాల్సిన నేల.

మాది రాయపురం, మూడు తరాలుగా ఇక్కడే. చెన్నపట్నానికి దేవుడిచ్చిన రేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేస్తే సరుకూ మనుషులూ మసూలా పడవల్లో అలలు దాటి ఒడ్డుకు చేరాల్సి వచ్చేది. 1870లలో సముద్రంలోకి రాతిగోడలు కట్టడం మొదలుపెట్టారు. 1881 తుపాను వాటిని పడగొట్టినా మళ్లీ లేపారు. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. గోడ అడ్డం పడేసరికి దక్షిణాన ఆగిపోయి మేట వేసింది. మనం వేడి సుండల్ (శనగ గుగ్గిళ్లు) తింటూ తిరిగే మెరీనా ఆ మేటే. ఉత్తరాన రాయపురం, కాశిమేడు, తిరువొత్తియూరు వైపు సముద్రం ఒడ్డును కొరుక్కుంటూ పోయింది. మా పిల్లలకు బీచ్ అంటే నల్లరాళ్ల గుట్ట. అడయారు చుట్టాలు మెరీనా గొప్పలు చెప్పినప్పుడల్లా, అది మాకు రావలసిన ఇసుకేనండీ అంటుంటాను. వాళ్లు నవ్వుతారు, నాకు నవ్వు రాదు.

రేవులు వద్దనడం లేదు. మా ఇంట్లోనే ఇద్దరు హార్బరు జీతంతో బతికారు.

కానీ కాట్టుపల్లికి ఉత్తరాన ఏముంది? పళవేర్కాడు, పులికాట్ సరస్సు, ఆపైన శ్రీహరికోట. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది. దానికీ సముద్రానికీ నడుమ ఉన్నది ఇసుక దిబ్బ. అది కోసుకుపోయినా కష్టమే, ఇసుక కదిలొచ్చి సరస్సు సముద్రంలో కలిసే మొగలు పూడినా కష్టమే. రాయదొరువు దగ్గర మొగ పూడితే ఏమవుతుందో అక్కడి జాలర్లకు తెలుసు: ఉప్పునీరు రాదు, రొయ్య రాదు, వలలు ఇంటి చూరుకు వేలాడతాయి. కుర్రాళ్లు కూలి పనికి చెన్నై బస్సెక్కుతారు. ఇప్పటికే మునుపటంత ఇసుక నడవని తీరంలో ఇంకో రెండు వేల ఎకరాలు పూడిస్తే ఆ మొగలకు ఏమవుతుందో ముందుగా తేలాలి.

ప్రాజెక్టు స్థలం ఒకటికి మించిన రాష్ట్రాల్లో ఉంటే ప్రతిచోటా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలంటుంది 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్. కాట్టుపల్లి పటంలో గీత తమిళనాడు దాటదు కాబట్టి ఆంధ్రలోని తడ, సూళ్లూరుపేట వాళ్లను ఎవరూ అడగాల్సిన పని లేదు. కాగితం మీద అది సబబే. ఇసుక మాత్రం సరిహద్దులోని ఆరంబాక్కం చెక్‌పోస్టు దగ్గర ఆగదు.

ఈ విస్తరణపై 2023 సెప్టెంబరు 5న జరగాల్సిన ప్రజాభిప్రాయ సభ వాయిదా పడింది. మళ్లీ పెట్టే రోజున ఒకటి తడలోనూ పెట్టాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను. అదీ కుదరదంటే, తీరం ఎటు కోసుకుపోతుంది, ఎక్కడ మేట వేస్తుంది అన్న అధ్యయనాన్నయినా తెలుగులో అచ్చు వేయించి, సభకు నెల ముందే తడ, సూళ్లూరుపేట, వాకాడు మండలాల జాలరి పల్లెలకు చేర్చాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాయపురం, చెన్నై