టైమింగ్ బెల్ట్, ఆయిల్ సీళ్ల పని గురించి మా కస్టమర్లకు

ఈ నెల నుంచి మా షెడ్డులో టైమింగ్ బెల్ట్ (ఇంజిన్‌లోని క్రాంక్ షాఫ్ట్‌ను, క్యామ్ షాఫ్ట్‌ను కలిపే పళ్ల రబ్బరు బెల్ట్) ఒక్కదాన్నే మార్చే పని తీసుకోవడం మానేశాం. బెల్ట్ మార్చాల్సి వస్తే దానితో పాటే టెన్షనర్ (బెల్ట్‌ను బిగువుగా పట్టేది), ఐడ్లర్ బేరింగు (బెల్ట్‌ను దారిలో నడిపేది), క్యామ్ షాఫ్ట్ సీలు, క్రాంక్ షాఫ్ట్ ముందు సీలు (ఆయిల్ కారకుండా ఆపే రింగులు) మారుస్తాం. వాటర్ పంపు ఆ బెల్ట్ మీదే తిరిగే ఇంజిన్ అయితే పంపు కూడా మారుస్తాం. ఎస్టిమేటు వీటన్నిటికీ కలిపే ఇస్తాం. విజయవాడ ఆటోనగర్‌లో నాలుగు షెడ్లు తిరిగి వచ్చిన కొందరు, "అక్కడ బెల్ట్ ఒక్కటే చాలన్నారు, మీరెందుకండీ ఇంత రాశారు?" అని అడుగుతున్నారు. అడగడంలో తప్పు లేదు. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పే కంటే ఒక్కసారి పూర్తిగా రాసి పెట్టడం మేలనిపించింది.

ముందుగా మీ బండికి అసలు బెల్ట్ ఉందో లేదో తెలుసుకోవాలి. శాంత్రో జింగ్, రెనో డస్టర్ డీజిల్, 1.5 టీడీఐ ఇంజిన్ ఉన్న పోలో, 2.5 లీటర్ల పాత ఇన్నోవా, ఇవన్నీ బెల్ట్ బండ్లు. 1.3 డీజిల్ స్విఫ్ట్‌కు ఉన్నది చెయిన్. ఐ10 దగ్గర చాలామంది పొరబడతారు, ఎందుకంటే ఒకే పేరుతో, ఒకే ఆకారంతో వచ్చిన ఆ బండిలో 1.1 ఇంజిన్‌కు బెల్ట్, 1.2 కప్పా ఇంజిన్‌కు చెయిన్ ఉంటాయి. ఆర్‌సీ ఫోటో వాట్సాప్‌లో పంపితే మేమే చూసి చెబుతాం. చెయిన్ బండికి ఈ పని అక్కర్లేదని చెప్పి పంపేస్తాం తప్ప, వచ్చారు కదా అని ఇంకేదో పని అంటగట్టం.

పిస్టన్లు తిప్పే క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి, వాల్వులను తెరిచే క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా పట్టి ఉంచేది బెల్ట్‌కున్న పళ్లే. పరుగు మధ్యలో బెల్ట్ తెగినా, పళ్లు ఊడినా క్యామ్ ఉన్నచోటే ఆగిపోతుంది, పిస్టన్లు మాత్రం ఇంకా పైకి వస్తూనే ఉంటాయి. ఈ రోజుల్లోని ఇంజిన్లలో చాలావాటిలో అప్పటికి తెరుచుకుని ఉన్న వాల్వులకు పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి. అక్కడి నుంచి హెడ్డు దించడం, లేత్ పని, వాల్వులు, గాస్కెట్లు అంటూ బిల్లు ఎన్ని రెట్లవుతుందో ఆ పని ఒకసారి చేయించుకున్నవారికి తెలుసు.

ఇక సీళ్ల సంగతి. క్యామ్ సీలు, క్రాంక్ ముందు సీలు రెండూ బెల్ట్ పుల్లీల వెనకే కూర్చుంటాయి. తిరిగే షాఫ్ట్‌ను సన్నటి రబ్బరు పెదవితో పట్టుకుని లోపలి ఆయిల్ బయటకు రాకుండా ఆపడమే వాటి పని. ఏళ్ల తరబడి వేడి తగిలిన ఆ రబ్బరు గట్టిపడుతుంది, పట్టు వదులుతుంది, ఆయిల్ మొదట చెమర్చి తర్వాత చుక్కలుగా కారుతుంది. కారిన చుక్క నేరుగా పడేది బెల్ట్ మీదే. మామూలు టైమింగ్ బెల్ట్ రబ్బరు ఆయిల్‌ను తట్టుకోలేదు; ఉబ్బి, మెత్తబడి, పళ్ల మొదళ్లలో బలం పోగొట్టుకుంటుంది. (ఆయిల్‌లోనే మునిగి తిరిగేలా తయారైన బెల్టులు కొన్ని ఇంజిన్లలో ఉన్నాయి. అవి వేరే జాతి, వాటి గురించి ఇక్కడ చెప్పడం లేదు.)

ఈమధ్య విప్పిన ఒక శాంత్రోలో పై కవరు తీసి చూస్తే బెల్ట్ పొడిగా, దాదాపు కొత్తదానిలా కనిపించింది. కింది కవరు ఊడదీశాక క్రాంక్ పుల్లీ చుట్టూ ఆయిల్, దుమ్ము కలిసి నల్లటి ముద్దలా పేరుకుపోయి ఉంది. బెల్ట్ బయటకు తీసి వెనక్కి వంచితే పళ్ల మొదళ్లలో వెంట్రుక మందాన పగుళ్లు తేలాయి. పై కవరు మాత్రమే తీసి "బెల్ట్ బాగానే ఉంది" అని ఎవరైనా చెబితే ఆ మాటను నమ్మవద్దు, మేము చెప్పినా సరే.

డబ్బు లెక్క కూడా దాచాల్సింది ఏమీ లేదు. సీలు ఖరీదు వందల్లో ఉంటుంది. దాని దగ్గరికి చేరే లేబర్ వేలల్లో ఉంటుంది. చక్రం, కింది షీల్డు, ఆల్టర్నేటర్ బెల్ట్, ఒకవైపు ఇంజిన్ మౌంటు, క్రాంక్ పుల్లీ, కవర్లు, ఇవన్నీ బెల్ట్ కోసం ఎలాగూ విప్పుతాం. పాత సీలు అలాగే వదిలేసి మూసేస్తే, అది కారిన రోజున అదే లేబర్ మళ్లీ పడుతుంది, ఆయిల్ తాగిన కొత్త బెల్ట్ కూడా పారేయాల్సి వస్తుంది. అయితే పంపు గానీ సీళ్లు గానీ ఈమధ్యే మార్చినట్లు మీ దగ్గర బిల్లు ఉంటే, విప్పినప్పుడు అవి పొడిగా ఉంటే, వాటిని ఎస్టిమేటు నుంచి తీసేస్తాం.

ఆయిల్ కనిపించిన ప్రతిచోటా సీలే పోయిందనుకోవడం పొరపాటు. ఇంజిన్ పైనుండే ట్యాపెట్ కవరు గాస్కెట్ నుంచి కారిన ఆయిల్ ఇంజిన్ పక్కగా జారి, కింద చూసేవారికి క్రాంక్ సీలు లీకులా కనిపిస్తుంది. అందుకే మొదట ఇంజిన్ కడిగి, బండి కొంత నడిపి, మళ్లీ చూసిన తర్వాతే సీళ్ల మాట ఎత్తుతాం. బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి గాలి బయటకు పోయే దారి) మూసుకుపోయినా లోపలి ఒత్తిడి సీళ్లను దాటించి ఆయిల్‌ను బయటకు నెడుతుంది. ఆ పైపు శుభ్రం చేయకుండా ఎంత మంచి సీలు వేసినా నిలవదు. గేర్‌బాక్స్ వైపున్న క్రాంక్ వెనక సీలు ఈ ప్యాకేజీలో లేదు. దానికి గేర్‌బాక్స్ దించాలి కనుక, ధారగా కారుతుంటే తప్ప, క్లచ్ మార్చేటప్పుడు చేయించుకోమనే మా సలహా. కొద్దిగా చెమర్చిన వెనక సీలు కోసం ఇప్పుడే ఖర్చు పెట్టించడం మాకు ఇష్టం లేదు.

పనికి ఒకటిన్నర రోజు అడుగుతున్నాం. "పూటలో చేసే పనికి అంతసేపా?" అనేవారు ఉన్నారు. పాత సీలును స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే నిమిషంలో వస్తుంది, కానీ షాఫ్ట్ మీద ఒక్క గీత పడితే కొత్త సీలు అక్కడి నుంచే కారుతుంది. కొన్ని ఇంజిన్లకు వచ్చే టెఫ్లాన్ సీళ్లను ఆయిల్ రాయకుండా పొడిగానే ఎక్కించి, కంపెనీ చెప్పిన గంటలు ఆగాకే ఇంజిన్ స్టార్ట్ చేయాలి. క్రాంక్, క్యామ్ కదలకుండా టైమింగ్ పిన్నులతో లాక్ చేసి బెల్ట్ ఎక్కించాక, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, పిన్నులు మళ్లీ సరిగ్గా కూర్చుంటేనే కవర్లు మూస్తాం. ఎక్కడైనా అడ్డు తగిలితే చేతికి తెలుస్తుంది, స్టార్టర్ మోటారుకు తెలియదు.

ఎప్పుడు మార్చాలన్న దానికి మీ బండి సర్వీస్ బుక్కే ప్రమాణం. అందులో కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా రాసి ఉంటే ఏది ముందు వస్తే దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. పిల్లలు అమెరికాలో ఉండి, ఇంట్లో పెద్దవారు గుడికీ ఆసుపత్రికీ మాత్రమే తీసే బండ్లు మా దగ్గరికి చాలా వస్తాయి. మీటరు మీద కిలోమీటర్లు తక్కువే ఉంటాయి గానీ, రబ్బరు వయసు ఆ మీటరులో కనిపించదు.

స్పేర్లు మీరే తెచ్చుకుంటే బిగించి ఇస్తాం, కానీ వాటికి మా గ్యారంటీ ఉండదు. మేము వేసినవైతే కొత్త డబ్బాలు మీ ముందే విప్పుతాం, పాత భాగాలన్నీ సంచిలో కట్టి మీకే అప్పగిస్తాం, లేబర్‌కు ఏడాది గ్యారంటీ బిల్లు మీదే రాసిస్తాం. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి కనుక బండిని ముందురోజు సాయంత్రమే వదిలి వెళ్లండి. సర్వీస్ బుక్, పాత బిల్లులు ఉంటే డ్యాష్‌బోర్డులో పెట్టి ఉంచండి.