ఏజెన్సీ పల్లెలకే వైరస్ జ్వర పరీక్ష రావాలి

సంపాదకులకు నమస్కారం.

వానలు పడ్డాయంటే ఏటూరునాగారం, తాడ్వాయి, మంగపేట మండలాల్లో జ్వరాల భయం మొదలవుతుంది. అది మలేరియానా, డెంగీయా, చికున్‌గున్యానా అన్నది తొలి రోజుల్లో రోగిని చూసి చెప్పడం అనుభవమున్న డాక్టరుకైనా కష్టమే. మలేరియాను ఆశా కార్యకర్త సంచిలోని కిట్టుతో ఇంటి ముంగిట్లోనే తేల్చవచ్చు. వైరస్ జ్వరమని అనుమానం వస్తే మాత్రం రక్త నమూనా వాగులు దాటి జిల్లా కేంద్రానికో, వరంగల్‌కో చేరాలి.

డెంగీకి ప్రత్యేకమైన మందే లేనప్పుడు పరీక్షకు తొందరేమిటని కొందరు అడుగుతారు. రెండేళ్ల క్రితం మా చెల్లెలి మనవడికి జ్వరం వచ్చిన మూడో రోజున రక్తం తీస్తే, ఫలితం ఏడో రోజున అందింది. ఈలోగా ఐదో రోజున జ్వరం దిగిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్న పూటే పిల్లవాడు కడుపునొప్పితో, వాంతులతో సొమ్మసిల్లాడు. డెంగీలో జ్వరం దిగే వేళే ప్రమాదపు వేళ అని, ఇది డెంగీయేనని ముందే తెలిసి ఉంటే వాళ్లు ఆ రోజు ఆసుపత్రి దరిదాపుల్లోనే ఉండేవారు. అదృష్టవశాత్తు బాబు కోలుకున్నాడు.

ల్యాబ్ టెక్నీషియన్‌గా ఏళ్ల తరబడి పనిచేసిన నాకు ఈ జాప్యం వెనుక కారణాలు తెలుసు. వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే ఐజీఎం యాంటీబాడీలు సాధారణంగా జ్వరం వచ్చిన ఐదో రోజుకు గాని రక్తపరీక్షలో కనిపించవు. డెంగీ వైరస్ ప్రొటీన్‌ను పట్టే ఎన్ఎస్1 కార్డు తొలి రోజుల్లో ఉపయోగపడినా, రెండోసారి డెంగీ సోకినవారిలో, అంటే ఎక్కువ ముప్పున్నవారిలోనే, తరచుగా జబ్బును పట్టలేకపోతుంది. తొలి రోజుల్లో వైరస్ జన్యువును నేరుగా పట్టేది ఆర్‌టీ-పీసీఆర్. కానీ దానికి ఖరీదైన యంత్రం, మైనస్ 20 డిగ్రీల్లో దాచే ఎంజైములు, నిలకడైన కరెంటు కావాలి. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించిన ల్యాంప్ అనే మరో జన్యు పరీక్ష పద్ధతికి దాదాపు 65 డిగ్రీల వద్ద ఒకే ఉష్ణోగ్రత చాలు, గంటలోపే ఫలితం వస్తుంది, రసాయనాలను ఎండబెట్టి పొడిగానూ తీసుకెళ్లవచ్చు. ఒక నమూనా తుంపర మరో గొట్టంలో పడితే తప్పుడు పాజిటివ్ వచ్చే ప్రమాదం ఇందులో ఎక్కువ కాబట్టి, మూత తెరవకుండానే రంగు మార్పుతో ఫలితం చదివేలా కిట్టు ఉండాలి.

ఇది మన దేశానికి అందని విద్య కాదు. గోవా సంస్థ తయారుచేసిన, బ్యాటరీతో నడిచే ట్రూనాట్ అనే జన్యు పరీక్ష యంత్రాన్ని క్షయ నిర్ధారణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సిఫారసు చేసింది. ఒక్కో జబ్బుకు ఒక్కో చిప్ ఉంటుంది; దాన్ని మార్చి అదే యంత్రంపై కోవిడ్ పరీక్షలూ జరిపారు. జన్యువులను గుర్తించి కత్తిరించే క్రిస్పర్ పద్ధతి ఆధారంగా ఢిల్లీలోని ఐజీఐబీ పరిశోధన సంస్థ రూపొందించిన కాగితపు పట్టీ కోవిడ్ పరీక్షకు అదే ఏడాది సెప్టెంబరులో అనుమతి లభించింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ కోవిడ్ పరీక్షలో ఆర్ఎన్ఏను, అంటే వైరస్ జన్యు పదార్థాన్ని, వేరుచేసే మెట్టునే తగ్గించి, పొడి స్వాబ్ పద్ధతిని తెచ్చింది.

కాబట్టి వైద్యారోగ్య శాఖకు నా విన్నపం ఇది. క్షయ పరీక్షల కోసం ఇప్పటికే ఇలాంటి యంత్రాలున్న ఏజెన్సీ ఆసుపత్రుల్లో వచ్చే వర్షాకాలం నాటికి డెంగీ, చికున్‌గున్యా చిప్‌లను, వాటిని వాడగల టెక్నీషియన్లను సిద్ధం చేయాలి. కాకతీయ వైద్య కళాశాల, వరంగల్ ఎన్ఐటీ, సీసీఎంబీ కలిసి చేతిసంచిలో పట్టే కిట్టును రూపొందించే పని చేపట్టాలి. ఆ కిట్టును ఏసీ గదుల్లో పరీక్షించి సరిపెట్టకూడదు. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ అనే పదార్థం ఈ జన్యు పరీక్షల్లోని రసాయన చర్యలను అడ్డుకుంటుంది, ఏజెన్సీలో ఉక్కపోత, కరెంటు కోతలు మామూలే. అందువల్ల దాని తుది పరీక్ష ఏటూరునాగారం ఆసుపత్రిలో, అక్కడి సిబ్బంది చేతుల మీదుగా జరగాలి.

భవదీయుడు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, హనుమకొండ