కంచరపాలెం రాజు తలరాత ఎవరు రాశారు?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమా మీద వచ్చిన వ్యాసాన్నీ, దానికి జవాబుగా మరుసటి వారం మీరు వేసిన లేఖలనూ శ్రద్ధగా చదివాను. అందులోని కథానాయకుడు రాజు బతుకంతా బ్రహ్మరాత ప్రకారమే నడిచిందని వ్యాసకర్త అంటే, అదేమీ లేదు, అంతా కాకతాళీయమేనని లేఖకులు వాదించారు. 2018లో వెంకటేశ్ మహా తీసిన ఆ సినిమాను ఉత్తరాంధ్ర వాళ్ళం మా ఇంటి కథలాగే చూసుకున్నాం గనుక, ఈ రెండు వాదాలూ అసలు సంగతిని దాటేస్తున్నాయని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

సినిమా చూడనివారు మన్నించాలి; ముగింపు బయటపెట్టకుండా ఈ మాట చెప్పడం కుదరదు. బడిపిల్లవాడు సుందరం, కుర్రవాడు జోసెఫ్, మందు దుకాణంలో పనిచేసే గడ్డం, 49 ఏళ్ళొచ్చినా పెళ్ళికాని అటెండరు రాజు, ఈ నలుగురూ ఒక్కడేనని చివర్లో తెలిసినప్పుడు ‘ఇన్ని దెబ్బలూ ఒక్కడికేనా, వాడి రాత అలా ఉంది’ అనిపించడం సహజమే. అయితే ఆ కథల్లో పరిచయాలు ఎలా కలిశాయో, ఎలా తెగిపోయాయో విడివిడిగా చూడాలి. కలవడం కాకతాళీయమే, అందులో పేచీ లేదు. రాత్రిపూట సీసా కొనుక్కోవడానికి కౌంటరు దగ్గరికి వచ్చే సలీమా ముఖం గడ్డం చూడలేదు. ముసుగులోంచి కనిపించే కళ్ళే అతనికి తెలుసు. ఆమె ఇంకో దుకాణానికి వెళ్ళి ఉంటే ఆ కథే లేదు. రాజు పనిచేసే ఆఫీసుకే రాధ అధికారిణిగా బదిలీ మీద రావడమూ అంతే.

విడిపోవడాలు మాత్రం అలాంటివి కావు. సుందరం ఇష్టపడ్డ సునీతను ఊరు దాటించింది ఆమె తండ్రి. జోసెఫ్ ప్రేమించిన భార్గవి మరొకరితో తాళి కట్టించుకున్నది తండ్రి చస్తానని బెదిరించడం వల్ల. సలీమాది సహజ మరణం కాదు. కులమో, మతమో, పరువో అడ్డం పెట్టుకుని మనుషులు చేసిన పనులను విధి మీదికి నెట్టేస్తే, చేసినవాళ్ళు చల్లగా తప్పుకుంటారు.

మా విజయనగరంలో పెళ్ళిసంబంధాలు చూసే ఇళ్ళలో ఇది నిత్యం కనబడేదే. ముందు కులం, ఇంటిపేరు అడుగుతారు, ఆ తర్వాత ఇచ్చిపుచ్చుకోవడాలు మాట్లాడతారు, అన్నీ అయ్యాక ఇష్టం లేకపోతే ‘జాతకాలు కుదరలేదండీ’ అని కబురు పంపుతారు. పాపం, పంచాంగం ఏమీ ఎరగదు. 1892లో ఈ ఊళ్ళోనే తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో గురజాడ, డబ్బుకు ఆశపడి సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టబోయిన తండ్రి అగ్నిహోత్రావధాన్లునే రంగం మీద నిలబెట్టారు గానీ, పిల్ల నుదుటి రాతను కాదు. అంతకుముందే విజయనగరం మహారాజు ఆనంద గజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో జరిగిన అలాంటి పెళ్ళిళ్ళకు జాబితా తయారు చేయించారు. ఆయన కూడా రాత అని ఊరుకుని ఉంటే ఆ జాబితా అవసరమే వచ్చేది కాదు.

విధిని నమ్మేవారు చివరి కథను పెద్ద ఆధారంగా చూపిస్తున్నారు. రాసిపెట్టి ఉన్నది గనుకనే ఆ వయసులోనైనా రాజుకు పెళ్ళి యోగం పట్టిందంటారు. ఒడిశా నుంచి వచ్చిన అధికారిణి రాధ, భర్త పోయిన మనిషి, పెళ్ళీడుకొచ్చిన కూతురు ఉన్న తల్లి, తన కింద పనిచేసే అటెండరును చేసుకుంటానంటే అన్న కాదన్నాడు. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. ఆ తెగువను బ్రహ్మ ఖాతాలో జమకడితే ఆమెకు చాలా అన్యాయం చేసినట్టే. గ్రహాలు అనుకూలించినందువల్ల కాదు, ఆమె సరేనన్నందువల్ల ఆ పెళ్ళి జరిగింది.

మీరు ఈ చర్చను కొనసాగించేటట్లయితే, సునీత తండ్రి, భార్గవి తండ్రి, రాధ అన్న, ఈ ముగ్గురి గురించీ రాయమని పాఠకులను కోరవలసిందిగా మనవి. ఇంతవరకూ అచ్చయిన వ్యాసంలో గానీ, లేఖల్లో గానీ వాళ్ళ ఊసే లేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయనగరం.