తప్పు ఎక్కడుందో మోడెమ్ చెప్పేది

సంపాదకులకు,

అమెరికాలో ఏఓఎల్ సంస్థ 2025 సెప్టెంబరు 30న డయల్-అప్ (ఫోన్ లైన్ మీద నడిచే ఇంటర్నెట్) సర్వీసు ఆపేసిన సంగతి మీ పత్రికలో చదివాను. కంప్యూటర్ని ఫోన్ లైన్ కి కలిపే ఆ కీచుమనే మోడెమ్ డబ్బా పీడ విరగడైందన్నట్టు సాగింది ఆ వార్త. ఆ డబ్బాలతోనే బతికినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

చెన్నై చూళైమేడులో నాకు చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ విఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ మొదలుపెట్టిన నగరాల్లో మాదీ ఒకటి కాబట్టి గిరాకీకి కొదవ లేదు. ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొత్తగా కొన్న మోడెమ్ 'నో డయల్ టోన్' అని మొండికేసేది. రిసీవర్ ఎత్తితే టోన్ నిక్షేపంగా వినపడేది. చాలామంది మోడెమే చెడిందనుకుని తిరిగి ఇచ్చేసేవాళ్లు. దానికి పాపం తెలిసింది అమెరికా టోనే: 350, 440 హెర్ట్జ్ కలిసిన శబ్దం. మన ఎక్స్ఛేంజీ పంపేది 25 హెర్ట్జ్‌తో ఊగే 400 హెర్ట్జ్ టోన్. డయల్ టోన్ కోసం ఆగమనే టిక్కు తీసేస్తే, లేదా సెట్టింగ్స్‌లో ఏటీఎక్స్3 అనే ఆదేశం కొడితే పని అయిపోయేది. పైసా ఖర్చు లేదు.

తప్పేమిటో విండోస్ కూడా దాచేది కాదు, ఒక నంబరు చూపించేది. 676 అంటే లైన్ బిజీ, 678 అంటే అవతల ఎత్తడం లేదు, 691 అంటే పాస్‌వర్డో యూజర్ పేరో తప్పు. 'అన్నా, 678' అని ఫోన్‌లో చెబితే చాలు, షాపులోంచి కదలక్కర్లేదు.

కనెక్ట్ అయ్యాక తెగిపోతుంటే మాత్రం కాస్త తిప్పలే. హాల్లో అదే లైన్ మీదున్న పారలల్ ఫోన్ ఎవరో ఎత్తి ఉంటారు, లేదా కాల్ వెయిటింగ్ బీప్ పడి ఉంటుంది. అవేవీ కాకపోతే, రిసీవర్ ఎత్తి ఒక అంకె నొక్కి, టోన్ ఆగాక వినమనేవాణ్ణి. పకోడీలు వేగుతున్నట్టు చిటపటలాడితే నవంబరు వానలకు ఎక్కడో జాయింటు తడిసిందన్నమాట. టెలిఫోన్ వాళ్ల 198 నంబరుకి ఫిర్యాదు ఇవ్వాల్సిందే. ఈలోగా స్పీడు తగ్గించి పెట్టుకుంటే మెయిల్ చూసుకోవడానికి సరిపోయేది. మోడెమ్ స్పీకర్ మ్యూట్ చేయించుకునేవాళ్లంటే నాకు ఇప్పటికీ చిరాకే. ఆ కూత ఎక్కడ ఆగిందో వింటేనే కదా తెలిసేది!

ఇప్పుడు ఇంట్లో ఫైబర్. నెట్ పోతే యాప్ 'కాసేపాగి ప్రయత్నించండి' అంటుంది. కస్టమర్ కేర్ వాళ్లు స్విచ్ ఆపి వేయమంటారు. ఫైబర్లో సమాచారం వెలుగుగా వస్తుంది; గోడకున్న పెట్టెకు ఎంత వెలుగు అందుతోందో డీబీఎమ్ (వెలుగు బలం కొలత) అంకెల్లో దాని సెట్టింగ్స్ పేజీలోనే ఉంటుంది. ఇళ్లకిచ్చే మామూలు జీపాన్ రకం ఫైబర్ లైన్‌లో అది మైనస్ 27 కన్నా దిగజారితే లైన్‌ను అనుమానించాలి. బాగుంటే వైఫైనో మరోదాన్నో చూసుకోవాలి. కానీ ఆ పేజీ పాస్‌వర్డ్ మనకివ్వరు. మొన్న వచ్చిన కుర్రాడు ఆ అంకె చూసి, బీరువా వెనక నలిగిన ఫైబర్ సరిచేసి నిమిషాల్లో వెళ్లిపోయాడు. అతను వచ్చేదాకానే మా టెన్షనంతా.

ఆ అంకెనూ, కనెక్షన్ తెగిన కారణాన్నీ కస్టమర్ యాప్‌లో చూపించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక్క నిబంధన పెడితే చాలు. తెలుగులోనూ తమిళంలోనూ చూపిస్తే మరీ మంచిది. ఈ సంగతి మీ పత్రిక ట్రాయ్ దృష్టికి తీసుకెళ్లాలని కోరుతున్నాను.

— ఒక పాత మోడెమ్ మెకానిక్, చూళైమేడు, చెన్నై