ఆయిల్ పరీక్షల ల్యాబ్‌ను ఎందుకు మార్చామంటే

విజయవాడ ఆటోనగర్‌లోని మా వర్క్‌షాపులో లారీలు, జనరేటర్లు, వరికోత యంత్రాలు సర్వీసు చేయించుకుంటున్న ఖాతాదారులందరికీ నమస్కారం. మీ ఇంజిన్ల నుంచి తీసిన పాత ఆయిల్‌ను ఇంతకాలం పంపుతూ వచ్చిన ల్యాబ్‌కు ఇకమీదట పంపడం లేదు. ఆ రిపోర్టులకు డబ్బు కట్టింది మీరు కనుక కారణం నేనే చెప్పడం న్యాయం.

అనుమానం ఒక కోత యంత్రం దగ్గర మొదలైంది. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు వెళ్ళే రబ్బరు గొట్టం క్లిప్పు కింద చీలి ఉంది. లోపల వేలు పెట్టి తీస్తే మెత్తని దుమ్ము అంటుకుంది. దుమ్ము ఇంజిన్‌లోకి పోతే ఆయిల్‌లో సిలికాన్ పెరగాలి, దాని వెనకే లైనర్ల ఇనుము, పిస్టన్ల అల్యూమినియం, రింగుల క్రోమియం కూడా పెరగాలి. రిపోర్టులో మాత్రం అన్నీ కిందటిసారి ఉన్నట్టే ఉన్నాయి. అందుకని ఒక లారీ ఆయిల్‌ను ఇంజిన్ వేడి మీద ఉండగానే, మొదట వచ్చే మడ్డిని పోనిచ్చి శుభ్రమైన క్యానులో పట్టి, బాగా కలిపి రెండు సీసాలు నింపి, రెండు వేర్వేరు బండి నంబర్లతో అదే ల్యాబ్‌కు పంపాము. 100 డిగ్రీల దగ్గర చిక్కదనం ఒకదానికి 14.2 సెంటీస్టోక్స్, రెండోదానికి 11.6 అని వచ్చింది. లారీల్లో వాడే 15డబ్ల్యు-40 గ్రేడు ఆయిల్‌కు ఆ వేడిలో ఉండవలసిన పరిధి 12.5 నుంచి 16.3 లోపు. అంటే ఒకే క్యానులోని ఆయిల్ ఒక సీసాలో నిక్షేపంగా ఉంది, మరో సీసాలో డీజిల్ కలిసినంత పలచబడిపోయింది!

టీబీఎన్, అంటే ఆయిల్‌లో ఆమ్లాలను ఎదుర్కొనే శక్తి ఇంకా ఎంత మిగిలిందో చెప్పే అంకె, ఏ పద్ధతిలో కొలిచారని అడిగితే, కొలవలేదని, ఇన్‌ఫ్రారెడ్ పరీక్షను బట్టి అంచనా వేశామని చెప్పారు. రిపోర్టులో అంచనా అన్న మాట ఎక్కడా లేదు. పైగా, ఇంత తక్కువ రేటుకు ఇంకేం ఆశిస్తారని అడిగారు. రేటు చెప్పింది వాళ్ళు, రూపాయి బేరమాడకుండా కట్టింది నేను. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు.

ఆ తరువాత ఎటు వెళ్ళాలన్నది నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఫలానా కంపెనీ ఆయిల్ మాత్రమే అమ్మితే వాళ్ళ ల్యాబ్‌లో ఉచితంగా పరీక్ష చేయిస్తామన్న డీలరు ఉన్నారు. ఆయిల్ అమ్మేవారి చేతే ఆ ఆయిల్ బాగుందో లేదో చెప్పించుకోవడం నాకు ఇష్టం లేదు, మీకు నచ్చిన బ్రాండు మీరు వాడుకునే వీలును తీసేయడం అసలే ఇష్టం లేదు. పెద్ద ల్యాబ్‌ల పూర్తి ప్యాకేజీ ధర ఒక లారీ ఓనరు ప్రతి సర్వీసుకూ భరించేది కాదు. ఈ పరీక్షలే మానేసి కిలోమీటర్ల లెక్కన ఆయిల్ మార్చుకుంటే పోదా అని, వేళ్ళ మధ్య రాసి చూస్తే తెలియదా అని పక్క షెడ్ల వాళ్ళు నాకు సలహా ఇచ్చారు. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ మసి వల్ల కొద్ది రోజులకే నల్లబడుతుంది, ఆ నలుపును బట్టి ఏమీ తేలదు. హెడ్ గాస్కెట్ దగ్గర ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ సన్నగా దిగుతూ ఉంటే ఆయిల్‌లో పెరిగే సోడియం, పొటాషియం ఏ వేలికీ తెలియవు. అందుకే మానేది లేదని చెప్పాను.

ఆ ప్యాకేజీలను విడదీసి చూశాక దారి కనిపించింది. కణాల లెక్కింపు హైడ్రాలిక్ ఆయిల్‌కు అవసరం గాని, మసితో నిండిన డీజిల్ ఇంజిన్ ఆయిల్‌కు దాని వల్ల ఒరిగేది లేదు. 40 డిగ్రీల దగ్గర మళ్ళీ చిక్కదనం చూడడం కూడా మన పనికి అక్కరలేదు. ఆయిల్‌లో ఏ లోహం ఎంత ఉందో చెప్పే ఐసీపీ యంత్రంపై లోహాలు, 100 డిగ్రీల చిక్కదనం, నీరు ఈ మూడూ ప్రతి శాంపిల్‌కూ చేయిస్తాము. టీబీఎన్‌ను ఆయిల్ మార్పు గడువు పెంచదలచుకున్నవారికే, అంచనాతో కాక టైట్రేషన్‌తో, అంటే రసాయనం చుక్కచుక్కగా కలిపి కొలిచే పద్ధతిలో, చేయిస్తాము. కొత్తగా ఎంచుకున్న ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందన్న ఒక్క మాటతో సరిపెట్టుకోలేదు. ఆ గుర్తింపు ఒక్కో పరీక్షకు విడివిడిగా ఇస్తారు కనుక, మనకు కావలసిన పరీక్షలు ఆ జాబితాలో ఉన్నాయో లేదో పేరుపేరునా చూసుకున్నాను. రెండు సీసాల పరీక్ష వీళ్ళకూ పెట్టాను, అంకెలు దాదాపు ఒకేలా వచ్చాయి. ఇకపైన కూడా చెప్పకుండా అప్పుడప్పుడూ పెడుతూనే ఉంటాను.

పాత ల్యాబ్ రిపోర్టును నమ్మి మేము ఎవరి ఇంజినూ విప్పలేదు. అయినా గత దసరా తరువాత రిపోర్టు అందుకున్నవారు బండి తెస్తే ఖర్చు మాదే, మళ్ళీ పరీక్ష చేయిస్తాము. మూడు పరీక్షలకు మీరు కట్టే ధర పాతదే. టీబీఎన్‌కు మాత్రం విడిగా తీసుకోవలసి వస్తుంది. రిపోర్టుకు ఇప్పుడు వారం పడుతుంది, దయచేసి ఓపిక పట్టండి. ఒక్క సాయం చేయండి: మధ్యలో ఎన్ని లీటర్లు టాప్-అప్ పోశారో డ్రైవరు చేత పుస్తకంలో రాయించండి. కొత్త ఆయిల్ కలిసిన కొద్దీ లోహాల అంకెలు తగ్గి కనిపిస్తాయి, ఆ లెక్క తెలియకపోతే ఎంత మంచి ల్యాబ్ ఇచ్చిన రిపోర్టునైనా మీకు సరిగ్గా చదివి చెప్పలేను.