హనుమకొండ ఓటరు 2002 జాబితాలో ఎక్కడ వెతకాలి?

సంపాదకుడు గారికి,

ఓటరు జాబితా సమగ్ర సవరణ (సర్) మాట రాగానే అందరూ ఆధార్ కార్డు బయటికి తీస్తారు. అది పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టం 9వ సెక్షన్‌లోనే ఉంది. బీహార్ సవరణలో దాన్ని పన్నెండో పత్రంగా తీసుకోమని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 8న చెప్పింది కూడా గుర్తింపు కోసమే. అసలు పట్టు పాత జాబితాలో ఉంది. మనకది, చివరిసారి ఇలాంటి సవరణ జరిగిన 2002 జాబితా. అందులో మన పేరో, అమ్మానాన్నల పేరో దొరికితే సగం పని అయినట్టే.

మన వైపు వాళ్లు తికమకపడేది ఇక్కడే. వరంగల్ పశ్చిమ, వరంగల్ తూర్పు, పాలకుర్తి నియోజకవర్గాలు 2009 ఎన్నికలతో వచ్చినవి. 2002లో ఉన్నవి హన్మకొండ, వరంగల్, శాయంపేట, చెన్నూరు, చేర్యాల వగైరా. జిల్లా ఒక్కటే, వరంగల్. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వాళ్లలో ఎక్కువమందీ అందులోనే వెతకాలి. ఇప్పటి పోలింగ్ స్టేషన్ నంబరుతో వెతికితే వేరే ఊరి జాబితా తెరుచుకోవచ్చు. పేరు లేదనుకొని వెనక్కి తిరగకండి. ఊరిపేరు, పోలింగ్ జరిగిన బడి పేరు పట్టుకొని, ఇంటి నంబర్ల వరుసలో చూడండి.

ఆడవాళ్ల చిక్కు ఇంకా పెద్దది. అప్పటి జాబితాలో పుట్టింటి ఊళ్లో, తండ్రి పేరు పక్కన ‘యల్లమ్మ’. ఇప్పుడు అత్తగారి ఊళ్లో, భర్త పేరు పక్కన ‘ఎల్లమ్మ’. ఇద్దరూ ఒకరేనని చూపడానికి పదో తరగతి మెమో పనికొస్తుంది గానీ, బడికి పోనివాళ్లకు అదీ ఉండదు. ఇంట్లో పుట్టి నమోదు కాని వాళ్ల జనన ధ్రువపత్రానికి ఆర్డీవో ఉత్తర్వు కావాలి, అది వారంలో చేతికొచ్చేది కాదు. ముందే కదలాలి.

పౌరుడా కాదా అని తేల్చడం ఇంటికొచ్చే బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) పని కాదు. వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ పౌరసత్వ వివాదం కేంద్ర హోంశాఖ 2017, 2019 ఉత్తర్వులు దాటి, 2024 డిసెంబరు హైకోర్టు తీర్పు దాకా నడిచింది. ఆయన వాదన అన్ని మెట్ల మీదా విన్నారు. ఒక బీడీ కార్మికురాలి పేరు తీసేయమని ఎవరో ఫారం-7 ఇస్తే, ఆమె మాటా వినాల్సిందే. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ చెప్పేదదే. జాబితాలో ఉన్న పేరును నోటీసు, విచారణ లేకుండా తీసేయరాదని లాల్‌బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే స్పష్టం చేసింది.

నోటీసు వచ్చాక ఊరుకోవడమే పెద్ద ముప్పు. ఈఆర్‌ఓ (ఓటర్ల నమోదు అధికారి) ముందు ఏమీ చెప్పుకోనివారికి అప్పీలు ఉండదని 1960 ఓటర్ల నమోదు నిబంధనల్లో 23వది చెబుతోంది. పనికోసం భివండి, సూరత్ వెళ్లినవాళ్లు తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన నివాసం పోదు. కానీ తాళం వేసిన తలుపుకు నోటీసు అంటిస్తే వాళ్లకెలా తెలుస్తుంది? ఇంటివాళ్లు వెంటనే ఫోన్ చేసి చెప్పాలి. రాలేనివాళ్లు జవాబు రాసి పంపి, ఆఫీసు ముద్రతో రసీదు తెప్పించుకోవాలి. పేరు పోతే 15 రోజుల్లో కలెక్టరుకు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

జిల్లా ఎన్నికల అధికారులను కోరేది ఒకటే. 2002 నాటి నియోజకవర్గం, పోలింగ్ స్టేషన్ నంబర్ల ఎదురుగా ఇప్పటివి రాసి, ఆ పట్టికను ప్రతి పంచాయతీ ఆఫీసు గోడకు, నగరంలో ప్రతి వార్డులో అంటించండి.

— ఒక న్యాయవాది, హనుమకొండ